చెల్లని వరహా - అస్తేయ వ్రతము

వర్తకుని జీవితములో ధర్మసందేహము గ్రంథములు చదువునప్పటికంటె గల్లాపెట్టె యెదుట కూర్చున్నప్పుడే తరచుగా పుట్టును. అట్టి సందేహములలో ఒకటి చూచుటకు చిన్నది, విచారించిన కొలది పెద్దది. తెలియక పుచ్చుకొన్న దొంగ నాణెమును, దొంగదని తెలిసిన పిమ్మట మరియొకరికి అంటగట్టవచ్చునా? ఒకడు తన్ను మోసగించినాడు గనుక, ఆ మోసమును ముందుకు సాగనంపి తాను ఒడ్డున పడుట న్యాయమా?

ఈ ప్రశ్న బళ్లారి సీమవారికి క్రొత్తది కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కిన బళ్లారి భాగము మైసూరునకును చేరినవి. గీత పడినది గాని వ్యాపారము తెగలేదు. ఇరువైపుల భాష తెలుగు, కన్నడము; ఇరువైపుల బంధువులు; ఇరువైపుల బంగారముపై మక్కువ. ఈ సీమ మధ్యనే హంపీ యున్నది. 2021లో విజయనగర జిల్లా వేరుపడువరకు అది బళ్లారి జిల్లాలోనిదే. ఆ రాజధానిలో వరహాలు చెలామణియైన కాలమున జైనులును గౌరవముతో మెలగిరనుటకు అక్కడి గాణిగిత్తి జినాలయమే సాక్షి. రెండవ హరిహరరాయల దండనాయకుడైన ఇరుగప్ప 1385లో కుంథు జిననాథునకు దానిని కట్టించెను.

విజయనగర వరహా ఎత్తు సుమారు 3.4 గ్రాములు. అందులో సగము అరవరహా, దానికంటె చిన్నవి పణములు. రెండవ హరిహరరాయల వరహాలపై ఉమామహేశ్వరులు, అచ్యుతరాయల వాటిపై గండభేరుండము కనబడును. 1509 మొదలు 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయల వరహాపై ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, మరియొకవైపు మూడు వరుసల నాగరి లిపిలో రాయల పేరు ఉండును. 1565లో రాజధాని పాడైన తరువాతకూడ ఈ నాణెపు మర్యాద పోలేదు. కుంఫిణీవారు సైతము దక్షిణ దేశములో వరహాలు ముద్రించిరి. 1818లో మద్రాసు రాజధానియందు రూపాయిని ప్రమాణముగా చేసి, నూరు వరహాలకు 350 రూపాయలు లెక్క కట్టిరి. అప్పటినుండి వరహా బజారు విడిచి పెట్టెలలోనికి, పిదప సేకరించువారి చేతులలోనికి చేరినది. మారకపు విలువ పోయి పురాతనపు విలువ వచ్చినది. ఆ విలువ వెంట నకిలీయును వచ్చినది.

ఈ ప్రాంతములో మోసము నడచు తీరు పోలీసు వార్తలు చదువువారికి సుపరిచితమే. పునాది త్రవ్వుచుండగా నిధి దొరికినదని ఒక పేదవాడు వచ్చును. బహిరంగముగా అమ్మిన సర్కారు పట్టుకొనునని భయము నటించును. ముందుగా ఒకటి రెండు నాణెములు చేతిలో పెట్టి, ఎవరికైనను చూపించుకొమ్మనును. అవి మేలిమి బంగారమే. షరాబు గీటి చూచి సరేననును. కొనువాని అనుమానము తీరును, ఆశ పెరుగును. తరువాత ఊరి వెలుపల, చీకటివేళ, తొందరలో చేతికి వచ్చు సంచిలో నున్నది మెరుగు పూసిన ఇత్తడి. హంపీ పేరు, రాయల పేరు, నేలలో పాతిన ధనమును గూర్చి చిన్ననాట విన్న కథలు, ఇవన్నియు ఆ సంచికి కట్టిన త్రాళ్లు.

మరియొక తీరు కొంత నాజూకైనది. సీతారాముల పట్టాభిషేకపు బొమ్మగల రామటెంకెలను కొందరు ఎన్నో వేల యేండ్లనాటి నాణెములని చెప్పుదురు. నిజమునకు వానిలో అధికభాగము ఇటీవలి కాలపు పూజాముద్రలు. బజారులో చెల్లిన డబ్బు కాదు. దేవుని బొమ్మలతో, 1818 వంటి తేదీలతో, కుంఫిణీ పేరు చెక్కిన బిళ్లలును తిరుగుచున్నవి. రామపట్టాభిషేకపు బొమ్మతో అట్టి నాణెములను కుంఫిణీ ముద్రింపనే లేదు. పూజలో పెట్టుకొన్నంతవరకు వానివలన దోషము లేదు. లక్షల విలువ చేయు వింత వస్తువని అమ్మినప్పుడే దోషము.

నాణెమును పరీక్షించు విద్య జైనులకు పరాయిది కాదు. ఢిల్లీ సుల్తానుల టంకశాలలో పనిచేసిన ఠక్కుర ఫేరు అను జైన గృహస్థుడు 1318 ప్రాంతమున ద్రవ్యపరీక్ష అను గ్రంథము రచించెను. ఆనాడు చెలామణిలోనున్న నాణెముల ఎత్తు, వన్నె, మారకపు విలువ అందులో వివరింపబడినవి. అంతకు ఎంతో ముందే కౌటిల్యుని అర్థశాస్త్రము నాణెములను పరీక్షించు రూపదర్శకుడను ఉద్యోగిని పేర్కొన్నది. లోహమును, క్షారములను, బొగ్గులను, తిత్తులను అదేపనిగా కొనుచుండువానిని దొంగ నాణెములు చేయువాడేమోయని కనిపెట్టి చూడవలెననికూడ ఆ శాస్త్రము హెచ్చరించినది. అనగా నకిలీ నాణెము ఈనాటి వ్యాధి కాదు; నాణెముతోపాటు పుట్టినదే.

పరీక్షలు పలువిధములు. మొదటిది త్రాసు. 3.4 గ్రాములు తూగవలసిన వరహా ఎంతో తక్కువగా తూగినను, ఎంతో ఎక్కువగా తూగినను అనుమానింపవలెను. రెండవది ఒరగల్లు. నల్లరాతిపై గీటి, తెలిసిన వన్నెల గీట్ల ప్రక్కన పోల్చి, ఆమ్లముతో చూతురు. కాని ఒరగల్లు చర్మమునే చూచును, ఎముకను చూడదు. మందముగా పూత పూసిన నాణెము దానిని మోసగింపగలదు. మూడవది నీటి పరీక్ష. గ్రీకుదేశపు ఆర్కిమిడీసు పేర ప్రసిద్ధమైన సూత్రమే దీనికి ఆధారము. మేలిమి బంగారము నీటికంటె 19.3 రెట్లు బరువు, సీసము 11.3 రెట్లు, రాగి సుమారు 9 రెట్లు. 3.4 గ్రాముల మేలిమి బంగారమును నీటిలో వ్రేలాడదీసి తూచిన సుమారు 0.18 గ్రాము తగ్గును. అంతే బరువుగల సీసమైనచో 0.30, రాగియైనచో 0.38 తగ్గును. వరహా బంగారములో కొంత కలుపు ఉండును గనుక తగ్గుదల 0.18 కంటె కొద్దిగా హెచ్చవచ్చును. రెండింతలైనచో అది బంగారము కానేకాదు. గ్రాములో నూరవవంతును చూపు సన్నని త్రాసు మాత్రము ఉండవలెను.

నాలుగవది కంటి పరీక్ష. ప్రాచీన వరహాను రెండు అచ్చుల నడుమ ఉంచి సమ్మెటతో కొట్టి ముద్రించిరి. కాబట్టి బొమ్మ ఒకప్రక్కకు జరిగియుండుట, అంచు సన్నగా చిట్లియుండుట సహజము. అక్షరపు అంచులు మాత్రము తేరి యుండును. అసలు నాణెమునుండి మూస తీసి పోతపోసినదైనచో అక్షరములు మొద్దుబారును, ఉపరితలమున గాలిబుడగల గుంటలు కనబడును, అంచున అతుకుగీత ఉండును. ఇంకొక గొప్ప గుర్తు కలదు. రెండు నాణెములపై ఒకే గీత, ఒకే నొక్కు, ఒకే చోట ఉన్నచో అవి రెండును ఒకే మూసనుండి పుట్టినవి. నిజమైన నాణెములు రెండింటికి ఒకే గాయము తగులదు.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. ఒకడు మంచి బంగారమే తీసికొని, సరియైన ఎత్తుననే, కృష్ణదేవరాయల నాణెమునకు మూస తీసి పోతపోసినాడనుకొందము. త్రాసు ఒప్పుకొనును, ఒరగల్లు ఒప్పుకొనును, నీరు ఒప్పుకొనును. అయినను అది దొంగ నాణెమే. బంగారము నిజము, నాణెము అబద్ధము. బంగారపు ధరకు అనేక రెట్లు పెట్టి కొన్నవాడు బంగారమునకు కాదు, అయిదు వందల యేండ్ల వయస్సునకు ధర చెల్లించినాడు. ఆ వయస్సు ఆ వస్తువులో లేదు. వస్తువును ఒక్క కోణమునుండి చూచి తీర్పు చెప్పరాదని అనేకాంతము బోధించునది ఇందుకే. లోహదృష్టితో సత్యమైనది కాలదృష్టితో అసత్యము కావచ్చును. ఏ దృష్టితో అమ్ముచున్నాడో ఆ దృష్టితోనే అమ్మువాని సత్యమును తూచవలెను.

అస్తేయాణువ్రతమునకు చెప్పబడిన అయిదు అతిచారములు జైన గృహస్థులకు తెలిసినవే. దొంగను ప్రేరేపించుట, దొంగసొత్తు కొనుట, రాజ్యనియమమును అతిక్రమించుట, తూకములు కొలతలు తప్పుగా వాడుట, వీని తరువాత చెప్పబడినది ప్రతిరూపక వ్యవహారము. అసలు వస్తువును పోలిన వస్తువును అసలుగా చలామణి చేయుటయే దాని అర్థము. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమునందు దీనిని దొంగతనపు ప్రకరణములోనే చేర్చినాడు. శాస్త్రకారుల చూపులో నకిలీని అమ్ముట ఒట్టి అబద్ధమాడుట కాదు. ఎదుటివాని సొమ్మును అతడు ఈయకయే తీసికొనుట. అతడు వరహాకు ధనమిచ్చినాడు, ఇత్తడికి ఈయలేదు. ఈయని దానిని తీసికొనుటయే అదత్తాదానము.

అయితే పోలిక యంతయు పాపమని చెప్పరాదు. తెలుగు స్త్రీల మెడలో కాసులపేరు ఉన్నది. అందలి కాసులు చాలవరకు బజారులో చెల్లిన నాణెములు కావు. నాణెమును పోలిన బంగారు బిళ్లలు. కంసాలి వానిని కాసులనియే పిలుచును, ఎవరును మోసపోరు. ఎందుకనగా అతడు అమ్మునది నగ, ధర కట్టునది బంగారమునకు, పనితనమునకు. ప్రతిరూపము వేరు, ప్రతిరూపక వ్యవహారము వేరు. రూపములో దోషము లేదు. వ్యవహారములో, అనగా చెప్పిన మాటలో, చెప్పక దాచిన మాటలో దోషమున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఒక వర్తకుడు తండ్రి వదలిన పెట్టెలో నాలుగు వరహాలు చూచినాడనుకొందము. కుమార్తె పెండ్లి దగ్గరపడినది. అమ్మబోయి చూపించగా మూడు అసలైనవని, ఒకటి పోతనాణెమని తేలినది. కొనువాడు పరాయి ఊరివాడు. నాణెముల సంగతి అంతగా తెలియనివాడు. నాలుగింటిని కలిపి చేతిలో పెట్టిన లెక్కపెట్టుకొని పోవును. వర్తకుని మనస్సు అప్పుడు తనకు తాను వాదములు చెప్పుకొనును.

మొదటి వాదము: ఈ మోసము చేసినది తాను కాదు, ఎవడో తన తండ్రిని మోసగించినాడు. నిజమే. కాని జైనశాస్త్రము కర్మను స్వయముగా చేయుట, చేయించుట, అనుమోదించుట అని మూడు ద్వారములుగా చూచును. నాణెమును పోతపోసినవాడు ఒకనిని మోసగించి ఆగినాడు. దానిని తెలిసి ముందుకు నడపినవాడు ఆ మోసమునకు రెండవ జన్మ ఇచ్చినాడు. తండ్రికి జరిగిన అన్యాయము తండ్రికి నష్టము. కుమారుడు చేయబోవునది కుమారునికి బంధము.

రెండవ వాదము: నోటితో ఒక్క అబద్ధమైనను పలుకలేదు, మౌనముగా ఇచ్చినాడు. కాని మూడు అసలు నాణెముల నడుమ ఉంచిన నాల్గవది మాటలాడును. చేతి సంజ్ఞ, నాణెముల వరుస, అడిగిన ధర, ఇవన్నియు వరహా అని పలుకుచునే యున్నవి. మనోవాక్కాయములు మూడింటను వ్రతము పాలింపవలసినవానికి నాలుక ఒక్కటి కదలకున్న చాలదు.

మూడవ వాదము: కొనువాడు చూచి కొనవలెను. బజారులో ఈ మాట తరచు వినబడును; కొంత న్యాయమును కలదు. కొనువాని అజాగ్రత్త కొనువాని తప్పే. కాని ఒకని తప్పు మరియొకనికి హక్కు కాదు. తలుపు తెరచి నిద్రించినవాడు అవివేకి; లోపల ప్రవేశించినవాడు దొంగ. పైగా పరీక్ష తెలిసినవానిపై భారము హెచ్చు. తెలియక ఇచ్చినవానికి క్షమ కలదు. తెలిసిన క్షణముననే ఆ నాణెము బరువు మారినది, త్రాసులో కాదు, అంతరంగములో.

నాల్గవ వాదము మరింత విచిత్రమైనది: ఎవరికిని అమ్మక దేవాలయపు హుండీలో వేసిన సరి. చెల్లని డబ్బును దేవునికి చెల్లించు అలవాటు లోకములో లేకపోలేదు. బజారులో ఎవరును పుచ్చుకొననిది భగవంతునికి అర్పించి, అర్పించిన పేరు తాను ఉంచుకొనుట దానము కాదు. దేవద్రవ్యమును కాపాడుట శ్రావకుని ధర్మము. హుండీలోని నాణెము లెక్కలో అసలుగా చేరి, రేపు దేవాలయమువారి చేతిమీదుగా మరియొకని చేరినయెడల, ప్రతిరూపక వ్యవహారములో దేవాలయమునే దించినట్లగును.

లోకపు చట్టముకూడ ఈ సూక్ష్మమును గుర్తించినది. 2024 జూన్ 30 వరకు అమలులోనున్న 1860 నాటి భారత శిక్షాస్మృతి, చెలామణిలోనున్న నాణెముల విషయమున ఇద్దరు మనుష్యులను వేరుచేసి చూచినది. దొంగదని తెలిసియే పుచ్చుకొని మరియొకరికి ఇచ్చినవానికి హెచ్చు శిక్ష. తెలియక పుచ్చుకొని, పిదప తెలిసి ఇచ్చినవానికి రెండేండ్లవరకు శిక్ష, లేదా నాణెపు విలువకు పదిరెట్ల జరిమానా, లేదా రెండును. రెండవవానిపై కొంత దయ చూపినది గాని, నిర్దోషియని వదలలేదు. వానికి కలిగిన దుఃఖమును చట్టము అర్థము చేసికొన్నది. వాని పనిని అంగీకరింపలేదు. చెలామణిలో లేని పురాతన నాణెమునకు ఆ నిబంధనలు చెందకపోయినను, అందులోని నీతి చెందును.

నాణెముల వ్యవహారములో మరియొక పాత మర్యాద కలదు. దొంగ నాణెము ఖజానాకు వచ్చినప్పుడు దానిని కోసి ముక్కలు చేయుదురు. 1906 నాటి నాణెముల చట్టము అధికారము పొందినవారికి ఈ పని అప్పగించి, నష్టము తెచ్చినవానిదే అని చెప్పినది. పైకి ఇది కఠినముగా తోచును. కాని లోతుగా చూచిన ఇదియే న్యాయము. దొంగ నాణెము లోకములో తిరుగుచున్నంతకాలము ఎవరో ఒకరు దాని నష్టమును భరింపవలసినదే. ఒక చేతినుండి మరియొక చేతికి మారిన కొలది నష్టము తరుగదు. పాపము మాత్రము పెరుగును. ఎచ్చటనో ఒకచోట ఎవరో ఒకరు అది తన వద్దనే ఆగవలెనని నిర్ణయించుకొనవలెను. కర్మ లోనికి ప్రవహించుట ఆస్రవమని, ఆ ప్రవాహమును ఆపుట సంవరమని జైనులు చిన్ననాటినుండి వినుచున్నారు. కత్తెర క్రింద తెగిన దొంగ వరహా కంటికి కనబడు సంవరము.

కావున ఆ వర్తకుడు చేయవలసినది స్పష్టమే. మూడింటిని వరహాలుగా అమ్మవచ్చును. నాల్గవదానిని కోయించి, అందు బంగారమున్నంతవరకు లోహపు ధరకు అమ్ముకొనవచ్చును. అది అతని హక్కు. పురాతనపు ధరమాత్రము అతనిది కాదు, ఎన్నడును కాలేదు. పెండ్లి ఖర్చు కొంత తగ్గును. కాని కుమార్తెకు ఇచ్చు సొమ్ములో ఎదుటివాని కన్నీరు కలియదు. గృహస్థుని గుణములను చెప్పునప్పుడు 12వ శతాబ్దపు హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో న్యాయముగా ఆర్జించిన సంపదనే మొదట నిలిపినాడు. కూడబెట్టిన ధనము ఎంతయని కాక, ఎట్లు వచ్చినదని అడుగుట ఆ మార్గపు తొలిమెట్టు.

ఈ విచారమునకు మరియొక ముఖము కలదు. దానిని విడిచిన ధర్మము ఏకపక్షమగును. నకిలీని గుర్తించు నేర్పు గలవాడు అసలును కూడ గుర్తించును. ఒక పల్లెటూరి ముసలమ్మ తన ఇంటి వరహాను బంగారపు తూకమునకు అమ్మజూపినది. అది అరుదైనదని షరాబుకు తెలిసినది. తూకపు ధర ఇచ్చి ఊరకుండవచ్చునా? ఇత్తడిని వరహాగా అమ్ముట ఎట్టిదో, వరహాను ఒట్టి బంగారముగా కొనుట అట్టిదే. రెండుచోట్లను ఒకరికి తెలిసినది మరియొకరికి తెలియదు. ఆ తెలియనితనమే లాభముగా మారుచున్నది. తన నేర్పునకు, శ్రమకు, పెట్టుబడికి న్యాయమైన లాభము తీసికొనుట వర్తకధర్మము. ఆమె అజ్ఞానమునకు వెలకట్టుట వర్తకధర్మము కాదు. ఇది పురాతనమైనది, అధిక విలువ గలదని ఒక్క మాట చెప్పి బేరమాడినవాడు కొంత లాభము పోగొట్టుకొనును, వ్రతమును నిలుపుకొనును.

ఇక నిధిపేరిట మోసపోయినవాని సంగతి. అతనిపై జాలి కలుగును. కాని అతడు కొనదలచినదేమి? నేలలో దొరికిన నిధి త్రవ్వినవానిది కాదు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము పది రూపాయల విలువ మించిన నిధిని కలెక్టరుకు తెలియజేయవలెను. కర్ణాటకమున 1962లో వేరుగా చట్టము వచ్చినది. ఆ నాణెములు నిజముగా నిధియే అయియున్నచో, అతడు దాచిన సొత్తును చౌకగా కొనుచున్నాడన్నమాట. అయిదు అతిచారములలో రెండవదియు మూడవదియు అచ్చటనే యున్నవి. అమ్మినవాని మాయ, కొన్నవాని లోభము, ఈ రెండు కషాయములు కలిసినప్పుడే ఆ బేరము కుదిరినది. లోభము లేనిచోట ఆ మాయకు బజారు లేదు. సగము ధరకు బంగారము వచ్చుచున్నదన్నప్పుడు, తక్కిన సగము ఎవరిదని అడుగువానిని ఏ మోసగాడును మోసగింపలేడు. అన్ని పరీక్షలకంటె ముందు చేయవలసిన పరీక్ష ఇదియే. దీనికి త్రాసు అక్కరలేదు.

అట్లు మోసపోయినవాడు తేలు కుట్టిన దొంగవలె నోరు మూసికొనును. ఫిర్యాదు చేసిన తన దురుద్దేశమును బయటపడును, పరువు పోవును. కాని అతని మౌనముపైననే ఆ ముఠా బ్రదుకుచున్నది. అతడు నోరు తెరచిన మరియొక కుటుంబము నిలుచును. ప్రతిక్రమణములో తన దోషమును తానే ఒప్పుకొనుట ప్రతి శ్రావకునకును అలవాటే. ఉపాశ్రయములో చేయు ఆ పనిని పోలీసు ఠాణాలోకూడ చేయవలసిరావచ్చును.

చివరకు ఒక కష్టమైన మాట మిగిలియున్నది. నష్టము తన వద్దనే ఆగవలెనని కలిగినవానికి చెప్పుట సులభము. భర్తను పోగొట్టుకొని, ఆ ఒక్క వరహాపైననే ఆశ పెట్టుకొన్న స్త్రీకి అదియు దొంగదని తెలిసిననాడు ఏమి చెప్పవలెను? ధర్మము ఆమెకును ఒక్కటే, కాని భారము ఒక్కటి కాదు. ఇచ్చట సాధర్మిక వాత్సల్యము ముందుకు రావలెను. సంఘములోని షరాబులు రుసుము లేకుండ నాణెములు పరీక్షించి ఉన్నదున్నట్లు చెప్పవచ్చును. కలిగిన కుటుంబములు ఆ నష్టములో పాలు పంచుకొనవచ్చును. ఒక్కరి చేతిలో ఆగవలసిన నష్టము పదిమంది చేతులలో ఆగినను ఆగినట్లే. ఉపవాసములకు, ఉత్సవములకు ఉదారముగా వెచ్చించు సంఘమునకు ఇది మించిన ఖర్చు కాదు. అది చేయక, ఆమెను మాత్రము వ్రతము తప్పవద్దని ఉపదేశించుట సగము ధర్మము. సగము ధర్మమును పూర్ణధర్మముగా చూపుటయు ఒక విధమైన ప్రతిరూపక వ్యవహారమే.